వెనక సీటు బరువు

ఏప్రిల్ 9, బుధవారం

పురుగుమందుల కొట్టువాడు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ టీవీ పక్కన దుమ్ము కొట్టుకుని పడి ఉంది. ఇక నుంచి ఇందులో బండి సంగతులు రాస్తాను. బండి సంగతులు మాత్రమే.

పాత మోటార్‌సైకిల్ ఇచ్చేసి ఎలక్ట్రిక్ బైక్ తీసుకున్నాను. అమ్మినవాడు శౌరి. నూజివీడులో షోరూం పెట్టాడు, మా తోటల వాళ్ళందరికీ తెలిసినవాడే. ఒక్కసారి ఛార్జింగ్ పెడితే నూట పది కిలోమీటర్లు వస్తుందని కంపెనీ కాగితం చూపించాడు. "కాగితం సంగతి సరేనయ్యా, మన ఆగిరిపల్లి రోడ్ల మీద ఎంత వస్తుంది?" అని అడిగాను. తల గోక్కున్నాడు. "మీరే నడిపి చూసి చెప్పండి బాబాయ్ గారూ. మీరు చెప్పిన నంబరే బోర్డు మీద రాయిస్తాను" అన్నాడు.

ఈ దశరథరామయ్య చెప్పాడంటే జనం నమ్ముతారని వాడికి తెలుసు. కాబట్టి ఆషామాషీగా చేస్తే కుదరదు. పద్ధతిగా చెయ్యాలి.

తీరిక కూడా ఉంది. మా ఆవిడ ప్రమీలారాణి ఉంగుటూరులో తమ్ముడింటికి వెళ్ళింది. నాలుగు రోజులుండి వస్తుంది.

ఏప్రిల్ 10, గురువారం

మొదటి పరీక్ష. పొద్దున్నే నిండా ఛార్జింగ్‌తో బయల్దేరాను. నూజివీడు దాకా వెళ్ళి వచ్చి, మళ్ళీ వెళ్ళి, బండి ఆగిపోయేదాకా నడపాలని లెక్క. వేగం నలభై దాటకుండా నడిపాను. వెనక వచ్చే ఆటోలన్నీ హారన్ కొట్టి విసుక్కుని పోయాయి.

అరవై నాలుగో కిలోమీటరు దగ్గర చడీచప్పుడు లేకుండా ఆగింది. పెట్రోలు బండి అయితే రెండుసార్లు దగ్గి మరీ ఆగుతుంది. ఇది మంచి మర్యాదస్తుడిలా మాట్లాడకుండా ఆగిపోయింది. ఊరికి ఇంకా చాలా దూరం. కాయల ట్రాక్టరు ఒకటి వస్తే దాని మీద ఎక్కించుకుని ఇంటికి చేరాను. ట్రాక్టరు డ్రైవరు దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

ఒక్కడికి అరవై నాలుగు. ఇది తేలింది.

ఏప్రిల్ 12, శనివారం

బండి సంగతులు తప్ప రాయనన్నాను. కానీ ఒక్కటి రాసి పెట్టుకోవడం మంచిది. రేపు ఎవరైనా నన్ను తప్పు పడితే చూపించుకోవచ్చు.

మూడేళ్ళుగా తోటలో సరైన కాపు లేదు. పూత వస్తుంది, పురుగు తినేస్తుంది. ఈసారి కౌలుకు తీసుకునే వ్యాపారి తోట మొహం చూసి తన మొహం చాటేశాడు. చుట్టూ అందరూ మామిడి కొట్టేసి ఆయిల్ పామ్ వేస్తున్నారు. నేనూ వేద్దామనుకున్నాను. కలప కొనే రమేష్‌తో మాట్లాడాను. అతను వచ్చి చెట్లన్నిటికీ ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి వెళ్ళాడు. మే మొదటి సోమవారం రంపాలు తెస్తానన్నాడు. ఇందులో తప్పేముంది?

ప్రమీల రాలిన కాయలు ఏరుకోవడానికి తోటలోకి వెళ్ళి ఆ ఎర్ర గుర్తులు చూసింది. ఇంటికొచ్చి, "చెట్లకి రంగెవరు వేశారండీ?" అంది. చెప్పాను. అన్నం పెట్టింది, పెరుగు కూడా వేసింది. మర్నాడు పొద్దున బస్సెక్కింది. గుమ్మం దగ్గర మాత్రం, "కొట్టేశాక ఫోన్ చెయ్యండి. అప్పుడాలోచిస్తాను" అంది.

ఆడవాళ్ళకి చెట్ల మీద మమకారం ఎక్కువ. ఆ మొక్కలకి బిందెలతో నీళ్ళు పోసింది తనే కాబట్టి బాధ ఉంటుంది. నాకు మాత్రం లేదా? కానీ మమకారంతో తోట నడవదు. తగ్గేదాకా అక్కడుంటుంది, తగ్గాక వస్తుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఎండ. పరీక్ష లేదు. సెంటర్లో ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగాలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఇవాళ నూజివీడు వైపు కాకుండా గన్నవరం వైపు వెళ్ళాను. ఒకే రోడ్డు మీద చేస్తే పరీక్ష పరీక్ష కాదు. పైగా ఈ రోడ్డు కాస్త చదును.

హైవే దాకా వెళ్ళి, పక్కన టీ కొట్టు దగ్గర ఆగాను. సగానికి పైగా ఛార్జింగ్ ఉంది. టీ తాగి వెనక్కి తిరిగి వచ్చాను.

ఆ కొట్టు నుంచి ఉంగుటూరు ఇంకో పద్నాలుగు కిలోమీటర్లు. అంటే మా ఇంటి నుంచి ముప్ఫై నాలుగు. పోను ముప్ఫై నాలుగు, రాను ముప్ఫై నాలుగు, వెరసి అరవై ఎనిమిది. బండి ఇచ్చేది అరవై నాలుగు. ఊరికే లెక్క కోసం రాశాను.

ఏప్రిల్ 16, బుధవారం

బెల్టు వదులైంది. మేకు కాల్చి ఇంకో బెజ్జం పెట్టాను. ఎండలకి తోలు సాగుతుంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

గుడ్ ఫ్రైడే. శౌరి షోరూం మూసి ఉంది. టైర్లలో గాలి ఎంత ఉండాలో అడుగుదామని ఫోన్ చేస్తే చర్చిలో ఉన్నానని గుసగుసగా చెప్పి పెట్టేశాడు.

గాలి మా ఊళ్ళోనే కొట్టించుకుని మళ్ళీ గన్నవరం వైపు వెళ్ళాను. గాలి సరిగ్గా ఉంటే ఎంత తేడా వస్తుందో చూడాలి కదా. టీ కొట్టు దగ్గర ఆగాను. కొట్టాయన నన్ను గుర్తు పట్టాడు.

"ఏంటండీ, మీరు ఇక్కడిదాకా వచ్చి టీ తాగి వెనక్కి పోతున్నారు. మా టీ అంత బాగుంటుందా?"

"టెస్టింగ్" అన్నాను.

"ముందుకెళ్ళి కూడా టెస్టింగ్ చేసుకోవచ్చు కదండీ?"

"తిరిగి రావడానికి ఛార్జింగ్ చాలదు."

"ఎక్కడో ఒక చోట పెట్టుకోండి. మాక్కూడా ప్లగ్ ఉంది. టీ తాగిన వాళ్ళకి ఊరికే ఇస్తాను. వెళ్ళిన చోట చుట్టాలెవరూ లేరా?"

నేను డబ్బులిచ్చి వచ్చేశాను. టీ కొట్లలో జనానికి పని తక్కువ, మాటలెక్కువ.

దారిలో మాత్రం ఒకటి అనిపించింది. ఛార్జర్ ఇంట్లో పెట్టుకుని తిరగడం తెలివి తక్కువ. వచ్చాక దాన్ని గుడ్డలో చుట్టి బండి డిక్కీలో పెట్టాను. ఎందుకైనా మంచిది.

ఏప్రిల్ 20, ఆదివారం

వైజాగ్ నుంచి అమ్మాయి హరిచందన ఫోన్ చేసింది. "అమ్మ దగ్గరికి వెళ్ళావా నాన్నా?" అని మొదటి మాటే అది. బండి టెస్టింగ్‌లో ఉందన్నాను. "బండి టెస్టింగ్‌కీ, అమ్మకీ ఏంటి సంబంధం?" అంది. పోనూ రానూ అరవై ఎనిమిది, బండిచ్చేది అరవై నాలుగు అని విడమరిచి చెప్పాను.

"బస్సుంది కదా నాన్నా" అంది.

బస్సులో వెళ్తే పరీక్ష ఎలా అవుతుంది? ఈ కాలం పిల్లలకి ఏదీ చివరిదాకా విని అర్థం చేసుకునే ఓపిక లేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇవాళ్టి పరీక్ష అన్నిటికన్నా ముఖ్యమైనది. మన దగ్గర బండి మీద ఒక్కడే తిరిగేవాడు ఎవడు? వెనక భార్యో, కూలివాడో, కాయల ట్రేలో ఉంటాయి. ఒక్కడు నడిపిన నంబరు బోర్డు మీద రాస్తే అది కంపెనీ కాగితం లాంటిదే అవుతుంది. కాబట్టి వెనక బరువు పెట్టి చూడాలి.

మామిడి యార్డుకి వెళ్ళాను. యూరియా బస్తా నలభై ఐదు కిలోలు. దాని మీద ఒక గోతాంలో కలెక్టర్ మామిడికాయలు వేసి కాటా మీద తూచాను. అరవై మూడు వచ్చింది. రెండు కాయలు తీసేశాను. అరవై రెండూ చిల్లర. ఇంకో చిన్న కాయ తీసేశాను. సరిగ్గా అరవై రెండు.

కాటా దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న శేషగిరిరావు ఇదంతా చూస్తున్నాడు. "అరవై రెండేంటి రామయ్యా? అరవై పెట్టుకో, డెబ్బై పెట్టుకో, లెక్కకి తేలిక" అన్నాడు.

"దానికో లెక్కుంది" అన్నాను.

కిందటేడాది నూజివీడులో డాక్టరు దగ్గర ప్రమీల తూగింది అరవై రెండు. ఇద్దరికి పరీక్ష చెయ్యాలంటే ఎవరో ఒక మనిషి బరువు తీసుకోవాలి కదా, గుర్తున్నది తీసుకున్నాను. ఇందులో ఇంకేం లేదు.

బస్తాని వెనక సీటు మీద నిలబెట్టి, తాడుతో నా నడుముకి కలిపి కట్టుకున్నాను. కుదుపుల్లో అది వీపు మీదకి వాలుతూ వచ్చింది. గుంతల దగ్గర అలవాటుగా నెమ్మది చేశాను. ఒకచోట "జాగర్త" అని కూడా అన్నాను. బస్తాతో. చుట్టుపక్కల ఎవరూ లేరు.

నలభై ఎనిమిది కిలోమీటర్లు వచ్చింది. ఈసారి ఆగిపోయేది మా వీధి మొదట్లోనే అయ్యేలా చివర్లో ఊళ్ళోనే చుట్లు కొట్టాను.

నలభై ఎనిమిదికి నిండు ఛార్జింగ్ అయితే, ముప్ఫై నాలుగు కిలోమీటర్ల తర్వాత డిస్‌ప్లే మీద ఇరవై తొమ్మిది శాతం మిగలాలి. అంటే అక్కడ నిండా ఛార్జింగ్ పెట్టుకుంటే ఇద్దరూ హాయిగా ఇంటికొచ్చేస్తారు. ఇద్దరంటే ఎవరైనా ఇద్దరు.

ఏప్రిల్ 24, గురువారం

శౌరి ఫోన్ చేశాడు. బోర్డు పెయింటరు వచ్చి కూర్చున్నాడట. ఇంకా తేలలేదని చెప్పాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఇంకా తేలలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

రమేష్ వచ్చాడు. "వచ్చే సోమవారం ఖాయమేనా అండీ? రంపం మెషీన్లు రెండు మాట్లాడాను" అన్నాడు. ఖాయమే అన్నాను. అతను వెళ్ళాక తోటలోకి వెళ్ళాను.

ఎర్ర గుర్తులు ఎండకి మరీ ముదిరి కనిపిస్తున్నాయి. నుయ్యి దగ్గరి చిన్న రసాల చెట్టు కింద ప్రమీల ఎప్పుడూ ఆనించి ఉంచే పీట అలాగే ఉంది. దాని మీద కూర్చుంటే విరుగుతుందని కూర్చోలేదు. కొట్టేశాక ఫోన్ చెయ్యమంది. ఏమని చెయ్యాలి? చెట్లు పడ్డాయి, ఇక రా అనా? పడ్డాక వస్తుందా? వస్తుందనే అనుకుంటున్నాను. ఎక్కడికి పోతుంది?

రాకపోతే?

ఇది బండి సంగతి కాదు. రాసింది కొట్టెయ్యడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి ఉంచేస్తున్నాను.

మే 1, గురువారం

రేపు దూరప్రయాణం పరీక్ష. టీ కొట్టు దాటి ముందుకు ఎంతవరకు వెళ్ళొచ్చో చూడాలి. ఛార్జర్ డిక్కీలో ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. ఇస్త్రీ చొక్కా ఒకటి తీశాను, దుమ్ములో తిరిగేవాడికి ఇస్త్రీ చొక్కా దేనికో తెలియదు.

మే 2, శుక్రవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే బయల్దేరాను. టీ కొట్టు దగ్గర ఆగలేదు. కొట్టాయన చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను, ముందుకు పోయాను. తేలప్రోలు దాటి లోపలి రోడ్డు పట్టేసరికి ఛార్జింగ్ యాభై శాతానికి దగ్గరలో ఉంది. ఆ తర్వాత ఇక వెనక్కి తిరిగినా ఇల్లు చేరను. భయం వేసింది. ఛార్జింగ్ గురించి కాదు.

మా బావమరిది కిషోర్ బాబు గేటు దగ్గరే ఉన్నాడు. "రండి బావగారూ, రండి" అని బండి చుట్టూ తిరిగి చూశాడు. డిస్‌ప్లే మీద నలభై ఏడు శాతం ఉంది. నా లెక్క ఒక్క శాతం కూడా తప్పలేదు.

ప్రమీల వరండాలోకి వచ్చింది. చేతిలో సగం ఒలిచిన వెల్లుల్లిపాయ ఉంది.

"చెట్లు కొట్టేశారా?" అంది.

"లేదు. సోమవారం వస్తారు."

"మరి ఎందుకొచ్చారు?"

"బండి టెస్టింగ్."

"అయిందా?"

"అవలేదు. ఇల్లు చేరడానికి ఆరు శాతం తక్కువ ఉంది. కొంచెం కరెంటు కావాలి."

"తమ్ముణ్ణి అడగండి. ఇల్లు వాడిది."

కిషోర్ బాబు నోరు తెరిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "నిన్నే అడుగుతున్నాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తను వెల్లుల్లి రెబ్బలు కొంగులో వేసుకుని, నేను డిక్కీలోంచి తీసిన ఛార్జర్ అందుకుని లోపలికి వెళ్ళింది. ప్లగ్ హాల్లో టీవీ వెనక ఉంది. వైరు వరండా దాకా రాలేదు. గుమ్మంలోనే ఆగిపోయింది. తను దాన్ని పట్టుకుని నిలబడింది.

"ఇంతకన్నా రాదు. బండినే లోపలికి తీసుకురండి" అంది.

నేనూ కిషోర్ బాబూ కలిసి బండిని మెట్లెక్కించాం. కొత్తగా వేయించుకున్న టైల్స్ మీద టైరు మరకలు పడ్డాయి. సోఫా పక్కన బండి, బండి పక్కన నేను. మూడు గంటలు పట్టొచ్చన్నాను. కిషోర్ బాబు పొలం పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు. మంచివాడు.

ప్రమీల మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుని మళ్ళీ వెల్లుల్లి ఒలుచుకోవడం మొదలుపెట్టింది.

"ఇంకేమైనా అడిగేదుందా?" అంది తలెత్తకుండా.

దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాను. పురుగు, కాపు, ఆయిల్ పామ్, అన్నీ వరస పెట్టుకున్నాను. అవన్నీ వదిలేశాను.

"సోమవారం రమేష్ వస్తాడు. ఏం చెయ్యమంటావు?" అని అడిగాను.

తను ఒలవడం ఆపింది.

"బోదె కాలువ వైపు రెండు వరసలూ ఎప్పుడో కొట్టించాల్సింది" అంది. "వాటికి తెగులు పట్టి ఐదేళ్ళయింది. వాటి పక్కనున్నవీ పాడైపోతున్నాయి. నుయ్యి చుట్టూ ఉన్న రసాలు మాత్రం ముట్టుకోకూడదు, వాటికింకా వయసుంది. కొమ్మలు కత్తిరించి మందు కొడితే రెండేళ్ళలో కాస్తాయి. కొట్టేసిన చోట మీ ఆయిల్ పామే వేసుకోండి, నేనేమీ వద్దనను."

నేను తెల్లబోయాను. "కొట్టెయ్యమనా అంటున్నావు?"

"నేను చెట్ల కోసం అలిగాననుకున్నారా?"

అవుననే అనుకున్నాను. ఈ డైరీలో కూడా అలాగే రాసుకున్నాను.

"నా తోట సంగతి నాకు రమేష్ రంగు డబ్బా చెప్పిందండీ. మీరు చెప్పలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. గేదెను అమ్మేశాక చెప్తారు, కౌలుకిచ్చేశాక చెప్తారు. చెప్తారు, అడగరు. ఈసారి కూడా అన్నం పెట్టి ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోయాను."

ఏడవలేదు. మామూలుగానే చెప్పింది. అందుకే ఎక్కువ బాధ కలిగింది. నేను "నిజమే" అన్నాను. బండి మీద పచ్చ లైటు ఆగి ఆగి వెలుగుతోంది, ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. దోసకాయ పప్పు. చాలా రోజులకి తిన్నట్టు తిన్నాను. తను నా కంచం వైపు చూసి ఇంకో గరిటె వేసింది. నూరు శాతం అని డిస్‌ప్లే మీద వచ్చాక ప్లగ్ తీసింది తనే.

"ఇది ఇద్దర్ని మోస్తుందా?" అంది.

"మోస్తుంది. ఇల్లు చేరేసరికి ఇరవై తొమ్మిది శాతం మిగులుతుంది."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

"అరవై రెండు కిలోలు పెట్టి చూశాను."

"ఏం పెట్టి?"

చెప్పక తప్పలేదు. "యూరియా బస్తా. పైన కలెక్టర్ కాయలు."

అప్పుడే పొలం నుంచి వచ్చిన కిషోర్ బాబు గుమ్మం పట్టుకుని నవ్వాడు. ప్రమీల నవ్వలేదు. నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి సంచి తెచ్చుకుంది.

మే 3, శనివారం

నిన్న ఎండ తగ్గాక బయల్దేరి చీకటి పడకుండా ఇల్లు చేరాం. టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టాయన ప్రమీలని చూసి, "టెస్టింగ్ అయిపోయిందన్నమాట" అన్నాడు. ఆయన టీ ఏమంత బాగుండదు, ఈ సంగతి ఇప్పుడు ఒప్పుకోవచ్చు.

రమేష్‌కి ఫోన్ చేశాను. బోదె వైపు రెండు వరసలే అని చెప్పాను. మిగతా చెట్ల మీద రంగు ఎలా పోతుందని అడిగాను. వానలకి పోతుందన్నాడు. ప్రమీల అప్పటికే కత్తి వెనక్కి తిప్పి నుయ్యి దగ్గర చెట్టు మీది రంగు గీకుతోంది.

ఇక బండి సంగతి. ఇల్లు చేరేసరికి ఇరవై తొమ్మిది మిగలాలి. ముప్ఫై నాలుగు శాతం మిగిలింది.

ఐదు శాతం తేడా. పొద్దుటి నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. అదే టైర్లు, అదే గాలి, అదే వేగం, ఎదురుగాలి కూడా లేదు. మారింది వెనక సీటు బరువు ఒక్కటే. నిన్న బండి ఎక్కినప్పుడు తన గాజులు మోచేతి దాకా జారడం చూశాను. చూసి కూడా బండి మీద ధ్యాసలో ఊరుకున్నాను. అక్కడ పప్పు, పెరుగు, వండి పెట్టే మరదలు, అన్నీ ఉన్నాయి. అయినా తగ్గింది. ఇది రాస్తుంటే నాకు సంతోషంగా ఉంది. సంతోషపడుతున్నందుకు సిగ్గుగా కూడా ఉంది.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఉండబట్టలేక అడిగేశాను. "బాగా తగ్గిపోయినట్టున్నావు. అక్కడ సరిగ్గా తినలేదా?"

"బండి చెప్పిందా?" అంది.

"ఐదు శాతం తేడా వచ్చింది."

"మొత్తం నా లెక్కలోనే వేశారా? ఆ బెల్టు సంగతేంటి?"

చూసుకున్నాను. మేకుతో పెట్టిన కొత్త బెజ్జం అందరికీ కనిపించేలా ముందువైపే ఉంది. తోలు సాగిందని చెప్పబోయి మానేశాను.

శౌరి మళ్ళీ ఫోన్ చేశాడు. పెయింటరు ఇంక ఆగనంటున్నాడట. ఒక్కడికైతే అరవై నాలుగు, ఇద్దరికైతే నలభై ఎనిమిది అని రాయించెయ్యమన్నాను. నలభై ఎనిమిది మీద కొంచెం అనుమానం ఉంది, ఇద్దరం కాటా ఎక్కి చూసుకుంటే గానీ తేలదు. రేపు యార్డుకి వెళ్దామనుకుంటున్నాను.

వస్తుందో రాదో. ముందు అడగాలి.